డొంక ఎవరిది?

పల్నాడులో చలికాలం చిన్నది. రాష్ట్రంలో ఎండ ముదిరిందంటే ముందు రెంటచింతల పేరు వినపడుతుంది. ఆ సీమలో మార్గశిరం, పుష్యం, కొంచెం మాఘం, ఇంతే పగటిపూట పొలాల వెంట హాయిగా నడవగల కాలం. ఆ కాలంలో ఒక ఆదివారం ముప్ఫై మంది కుర్రకారును వెంటబెట్టుకుని మాచవరం నుంచి ఉత్తరంగా కృష్ణ దిక్కుకు నడవాలని ఒక రిటైర్డు తెలుగు మాస్టారు అనుకున్నారు. డొంకలు పట్టుకుని వెళ్లాలి, రాతి బీళ్లు దాటాలి, పులిచింతల జలాశయం అంచు చూసి రావాలి. ఆయన కాపురం నరసరావుపేటలో. మాచవరంలో పత్తి, మిరప వేసే ఆయన బావమరిది ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు. ఆ బావమరిదికి ఈ నడకే గిట్టదు. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద ఇద్దరూ వాదించుకున్నారు. నేను పక్కనే కూర్చుని విన్నాను. వాళ్ల మాటల్ని వాళ్ల వరసలోనే ఇస్తున్నాను. అక్కడక్కడా నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేకపోయాను.

బావమరిది: అన్నం పెట్టడం నాకు బరువు కాదు బావా. ముప్ఫై కాదు, అరవై మంది రానీ. జొన్నరొట్టె, గోంగూర, పండుమిరప పచ్చడి, గడ్డపెరుగు పెట్టి పంపిస్తా. నడక దేనికో అది చెప్పు. పనుండి నడిచేవాళ్లని చూశా. మొక్కుండి కోటప్పకొండకి నడిచేవాళ్లని చూశా. గొర్రెల వెనక నడిచేవాళ్లని రోజూ చూస్తన్నా. ఊరికే నడవడం ఏంది?

బావ: ఊరికే కాదయ్యా. ఈ పిల్లలు పల్నాడులో పుట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడినప్పుడు సంబరం చేసుకున్నారు. జిల్లాలో పావు వంతు నేల మీద కూడా వాళ్ల అరికాలు పడలేదు. బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్లు, బండి మీద దాటిన ఊళ్లు తప్ప. నాపరాయి ఎక్కడ పొరలుగా పైకి లేస్తుందో, నల్లరేగడి ఎక్కడ ఆగి రాతినేల ఎక్కడ మొదలవుతుందో పుస్తకం చెబితే ఎక్కదు. కాలికి తెలియాలి.

బావమరిది: కాలికి తెలిసినోళ్లు మేమున్నాం గదా. మమ్మల్ని అడిగితే పోయె.

బావ: అడగాలంటే నీ పక్కన నడవాలి. నరసరావుపేటలో కూర్చుని నిన్నేం అడుగుతారు?

బావమరిది: సరే, ఏం చూపిస్తావు వాళ్లకి? నీళ్లు. పుష్యమాసంలో పులిచింతల కాడికి పోతే నీళ్లే కనపడతాయి. వానలు బాగా పడ్డ ఏడు నిండుగా ఉంటది. 45.77 టీఎంసీలు పట్టే చెరువు అది. ఎంత అందంగా ఉందో అని ఫోటోలు తీసుకుంటారు. ఆ అందం కింద ఏముందో నీకు నేను చెప్పాల్నా? 28 ఊళ్లు మునిగినయి, ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా కలిపి. మా మేనత్త గడప ఆ నీళ్ల కిందే ఉంది. ఆ నీళ్ల ముందు నిలబడి పిల్లలు నవ్వుతా ఫోటో దిగుతుంటే చూడలేను బావా. చూడాలంటే ఏప్రిల్‌లో రమ్మను. నీళ్లు దిగినాక మొండిగోడలు, బావిగట్లు, చచ్చిన చెట్ల మొదళ్లు బయటపడతాయి.

బావ: ఏప్రిల్‌లో ఆ బీటిమీద నడిపిస్తే వడదెబ్బ తగులుతుంది.

బావమరిది: అదే నేను చెప్పేది. నడవగలిగే కాలంలో చూసేదేం లేదు. చూసే కాలంలో నడవలేరు. మరి ఈ యాత్ర ఎవరికోసం?

ఈ మాట దగ్గర మాస్టారు కాసేపు మాట్లాడలేదు. నిజానికి ఆ సాయంత్రం నేను విన్నవాటిలో బలమైన అభ్యంతరం ఇదే. పులిచింతల ప్రాజెక్టు పని 2004లో మొదలై 2013 డిసెంబరు 7న జాతికి అంకితమైంది. ఇంజనీరు, ఒకప్పటి కేంద్ర నీటిపారుదల మంత్రి కె.ఎల్. రావు పేరు పెట్టారు. నాగార్జునసాగర్‌కూ ప్రకాశం బ్యారేజీకీ మధ్య నీళ్లు నిలబెట్టి, కృష్ణా డెల్టాలోని 13 లక్షల ఎకరాలకు సకాలంలో అందించడం దాని పని. ఆ పని గొప్పదే. డెల్టా రైతు నారుమడికి ఆ నీళ్లు ప్రాణం. కానీ మునిగినవాళ్లు మెట్టవాళ్లు, తడిసింది దిగువ మాగాణి. జలాశయం పక్కనే ఉన్న పల్నాటి రైతు తన మిరపతోటకు బోరు మీదో, సాగర్ కుడికాలువ మీదో ఆధారపడాలి. ఆ కోపం బావమరిది గొంతులో ఉంది. దాన్ని పక్కన పెట్టి ఎంత మంచి నడక తలపెట్టినా అది విహారమే అవుతుంది.

బావ: నువ్వన్నది కాదనను. కానీ నువ్వు చెప్పినదాన్నే నేను తిరగేసి అడుగుతాను. ఏప్రిల్‌లో గోడలు బయటపడ్డప్పుడు చూసేదెవరు? మీరే. మీకు కొత్తగా చూడాల్సిందేముంది? మీ తరం పోయాక ఆ గోడ ఎవరిదో చెప్పేవాళ్లుండరు. ఇంగ్లండులో డెర్బీషైర్ అని ఒక సీమ ఉంది. అక్కడ లేడీబవర్ అని ఒక జలాశయం. 1940ల్లో దాన్ని నింపడానికి డెర్వెంట్, ఆషాప్టన్ అనే రెండు ఊళ్లు ముంచారు. డెర్వెంట్ చర్చి గోపురం మాత్రం నీళ్లలో నిలబడి ఉండేలా వదిలేశారు. జనం ఈదుకుంటూ అక్కడికి పోతున్నారని 1947లో అదీ పేల్చేశారు. ఇప్పుడు ఆ జలాశయం చుట్టూ చలికాలంలో గుంపులు గుంపులుగా నడుస్తారు. నడిచే ప్రతివాడికీ ఆ నీళ్ల కింద డెర్వెంట్ ఉందని తెలుసు. 1976లో, 1995లో, 2018లో నీళ్లు తగ్గి ఊరి రాళ్లు పైకి తేలినప్పుడు దేశమంతా చూడ్డానికి వచ్చింది. రెండూళ్ల పేర్లు ఎనభై ఏళ్లుగా బతికున్నాయి. మన 28 ఊళ్ల పేర్లు నరసరావుపేట కాలేజీలో అడుగు, ఎంతమంది చెబుతారో.

బావమరిది: ఎవరూ చెప్పరు. కొల్లూరు ఒక్కటి చెబుతారు, వజ్రాలని.

బావ: అదైనా సరిగా చెప్పరు. కోహినూరు అంటారు గానీ, పదిహేడో శతాబ్దంలో తవర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఆ గనికొచ్చి అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఆడవాళ్లు, పిల్లలతో సహా. మట్టి మోసినవాళ్లు, కడిగినవాళ్లు. వజ్రం లండన్‌లో ఉంది, అరవై వేలమంది కాళ్లు పడ్డ నేల నీళ్లలో ఉంది. దాన్ని చూసే చోటు మాత్రం ఈ ఒడ్డే. పుష్యమాసంలో నీళ్లే కనపడతాయన్నావు. కనపడనీ. నువ్వు పక్కన నిలబడి, అదుగో ఆ తుమ్మచెట్టు సూటికి మా మేనత్త ఊరు అని చూపిస్తే, అది వాళ్లకు గుర్తుండదా?

బావమరిది: నేనా? నేను వస్తానని ఎవరన్నారు?

బావ: నువ్వు రాకపోతే నువ్వన్నదే నిజం. అది ఫోటోల యాత్రే.

బావమరిది: మాటల్లో పెట్టి లాగుతావు నువ్వు. నాగార్జునకొండ చూడు. సాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, బుద్ధుడి స్తూపాలు, మహాచైత్యం, స్నానఘట్టం రాయి రాయి లెక్కేసి కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. పదిహేడు వందల ఏళ్ల నాటి ఇటుకకి ఉన్న విలువ మా మేనత్త పందిరిగుంజకి లేదు. ఆమెకి డబ్బులిచ్చారు, ఇంటిస్థలం ఇచ్చారు, కాలనీ కట్టారు. ఇచ్చినదాంట్లో అన్యాయం జరిగిందని నేను అనట్లా. కానీ ఊరు పోయిందని చెప్పడానికి ఒక్క రాయి కూడా ఎక్కడా పాతలేదు. ఇక నీ పిల్లలొచ్చి చెబుతారా?

బావ: చెప్పేదాకా నడవాలి.

ఇక్కడ మాట తెగింది. లోపలినుంచి టీ వచ్చింది. తాగాక బావమరిది ఇంకో వైపునుంచి అందుకున్నాడు. కోపం కాస్త తగ్గి, ఈసారి పొలం రైతుగా మాట్లాడాడు. మామూలుగా ఇలాంటి నడకలు ఏర్పాటు చేసేవాళ్లు అడగని సంగతులు అవి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బావమరిది: సరే, నడుస్తారనుకో. ఎన్నింటికి బయల్దేరతారు?

బావ: తెల్లారి ఆరింటికి. మంచు ఉండగానే.

బావమరిది: అక్కడే తప్పు. మంచు ఉన్నప్పుడు శనగచేలో అడుగు పెట్టారంటే నేను ఊరుకోను. నల్లరేగట్లో శనగ మంచు తాగి ఎదుగుతది. ఆకుమీద పులుపు ఊరతది, రాత్రి పూట గుడ్డ పరిస్తే తెల్లారేసరికి పుల్లగా తడుస్తది. ఆ టయానికి పూత సున్నితంగా ఉంటది. పది మంది చేనుకి అడ్డంపడి పోయారంటే ఆ వరసలో కాయ పట్టదు. వాళ్లకేం తెలుస్తది? చిన్న చిన్న పచ్చ మొక్కలు, గడ్డి అనుకుంటారు. ఇంక కంది కోసిన చేలు. మోళ్లు నిలబడి ఉంటాయి బాణాల్లాగా. చెప్పు అడుగు చీల్చుకుని పాదంలోకి దిగుతది. పల్లేరుకాయలు సరేసరి. బూట్లున్నాయంటావు, కానీ తీసి నీళ్లలోకి దిగేవాడు ఒకడుంటాడు.

బావ: నీళ్లలోకి దిగనివ్వం.

బావమరిది: దిగనివ్వబాకు. ముంపు అంచున పైన ఎండి పెళుసుగా కనపడతది. కాలు పెడితే లోపల మోకాల్లోతు రేగడి బురద. లాక్కుంటది. ఈతొచ్చినోడు కూడా బురదలో కాలు ఇరుక్కుని పోయాడు. అది చెరువు కాదు, నది మీద కట్టిన చెరువు. గేట్లెప్పుడు ఎత్తుతారో, నీళ్లెప్పుడు లాగుతాయో మనకి తెలవదు. 2021 ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోయినప్పుడు చూశాం గదా. గేటు చోట అడ్డం దించాలంటే నీళ్లు తగ్గాలని డ్యామంతా వదిలేశారు. రెండ్రోజుల్లో ఒడ్డు ఎక్కడికి పోయిందో.

బావ: అంటే నువ్వే మాకు నియమాలు చెబుతున్నావు. రాసుకుంటాను. చేనుకి అడ్డం పడొద్దు. గట్టుమీదే ఒకరి వెనక ఒకరు. నీళ్లకు దూరం.

బావమరిది: మందకి ఎదురుపోవద్దు. అది కూడా రాసుకో. చలికాలం గొర్రెలకాపరి మంచు ఆరేదాకా మేపుకి విప్పడు. తడిగడ్డి తింటే జీవాలకి జబ్బు. ఎనిమిది, తొమ్మిది దాటాక బీటిమీదికి తోలతాడు. మీరు సరిగ్గా అప్పుడే బీటిమీదికి చేరతారు. ముప్ఫై మంది అరుచుకుంటా ఎదురొస్తే మంద చెదురుతది. చెదిరిన మందని పోగెయ్యాలంటే ఒక పూట. మన మాచర్ల గొర్రె బలమైంది, పరుగెత్తిందంటే ఆగదు.

బావ: బీడు అంటే ఖాళీ నేల అని పిల్లలు అనుకుంటారు. అది కాదని ఇలాంటి మాటల వల్లే తెలుస్తుంది.

బావమరిది: బీడు ఎప్పుడు ఖాళీగా ఉందని? గొర్రెలకి మేపు అదే. రేగుపళ్లు, బలుసుకాయలు, సీతాఫలాలు ఆడే. పొయ్యిలోకి కంప ఆడే. వర్షానికి నాపరాతి మీద పారిన నీళ్లు కుంటల్లోకి పోయేదీ ఆడినుంచే. ఇంకో సంగతి, మంద రాత్రిపూట మా చేలల్లో కట్టించుకుంటాం. రాత్రికింత అని డబ్బులిస్తాం. ఆ ఎరువు బస్తాలో రాదు. బీడు పోతే మంద పోద్ది. మంద పోతే నా చేలో బలం పోద్ది. కానీ కంప్యూటర్లో చూసేవాడికి అది బంజరు. బంజరు అని రాసుందంటే ఇంక దానిమీద క్వారీ రావచ్చు, ప్లాట్లు రావచ్చు, ఏదైనా రావచ్చు.

బావ: వచ్చినప్పుడు అడిగేదెవరు?

బావమరిది: ...

బావ: అడగాలంటే ఆ నేలతో ఎవరికో సంబంధం ఉండాలి. కాపరి ఒక్కడే అడిగితే వినేవాడు లేడు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ దగ్గర కిండర్ స్కౌట్ అనే ఎత్తు బీటిమీదికి సుమారు 400 మంది నడిచి వెళ్లారు. మిల్లు కార్మికులు, నిరుద్యోగులు. ముందు నడిచినవాడు బెన్నీ రాత్‌మన్, ఇరవై ఏళ్ల కుర్రాడు. హేఫీల్డ్ ఊరి రాతిక్వారీలో సభ పెట్టుకుని, జలాశయం పక్కనుంచి పైకెక్కారు. ఆ బీడంతా జమీందార్ల సొంతం. వేట పక్షులను పెంచుకోవడం కోసం మనిషి అడుగు పడకుండా కాపలాలు పెట్టారు. తోపులాట జరిగింది. ఐదుగురిని నెలల తరబడి జైల్లో పెట్టారు. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది, ప్రతి జిల్లా కాలిబాటల పటం రాసి పెట్టుకోవాలని అందులో ఉంది. 1951లో ఆ సీమే దేశంలో మొదటి జాతీయ ఉద్యానం. 2000లో ఇంకో చట్టం, గుర్తించిన బీళ్లమీద ఎవరైనా కాలినడకన తిరగొచ్చని. 2002లో ఆ బీటి యజమాని అయిన డ్యూక్ మనవడే వచ్చి తన తాత చేసింది తప్పని బహిరంగంగా చెప్పాడు. ఒక ఆదివారం నడకతో మొదలైంది ఇదంతా.

బావమరిది: వాళ్లు జైలుకి పోవడానికి సిద్ధపడి నడిచారు. మీరు టిఫిన్ తిని నడుస్తారు.

బావ: అది నిజమే.

బావమరిది: ఇంకోటి. అంత దూరం ఎందుకు? 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపింది దేనికి? పుల్లరి కట్టనన్నందుకు. అడవిలో పశువు మేసినందుకు పన్ను కట్టాలంట. ఊళ్లకి ఊళ్లు కట్టబోమన్నాయి. ఆ పోరాటం పశువు కడుపుకోసం, తిరగడానికి కాదు. బీటిమీద హక్కు ఉన్నోడు మేపుకునేవాడు. నడిచి చూసిపోయేవాడికి హక్కేంది?

నా మనసు ఇక్కడ ఇద్దరి మధ్యా నిలబడింది. కిండర్ కథకు పుల్లరి కథతో సమాధానం చెప్పడం న్యాయమే. పల్నాడులో బీడుకూ అడవికీ జనం పెట్టిన ప్రాణం చూసే హక్కు కోసం కాదు, బతికే హక్కు కోసం. దాన్ని మర్చిపోయి ఇంగ్లండు లెక్కను తెచ్చి ఇక్కడ పరిస్తే అతకదు. కానీ మేపే హక్కు నిలవాలంటే ఆ నేల అందరిదని అందరికీ తెలిసి ఉండాలి. పల్నాడులో ఇప్పుడు మేపేవాళ్లు తగ్గారు. మిగిలిన కొద్దిమందికి పక్కన మనుషులు కావాలి. మాస్టారు చెప్పిందీ దాదాపు అదే, కాకపోతే ఆయన ఒక కాగితం తీశారు.

బావ: హక్కు సంగతి వదిలెయ్. బాధ్యత అనుకో. ఇది చూడు, మీ ఊరి పాత నక్షా నకలు. ఈ రెండు గీతల మధ్య ఉన్నది డొంక. ఊరినుంచి కృష్ణ దాకా బళ్లు పోయిన డొంక. పుట్టి దాటి అవతలి ఒడ్డుకు సంతలకు పోయిన డొంక. మనం పుట్టకముందు కావలి సోదరుల మనుషులు కల్నల్ మెకంజీకి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించడానికి ఊరూరా తిరిగింది ఇలాంటి డొంకల మీదే. ఇప్పుడు ఈ డొంక ఎంత వెడల్పుంది?

బావమరిది: కొన్నిచోట్ల ఉంది. కొన్నిచోట్ల లేదు.

బావ: లేకపోవడం అంటే?

బావమరిది: దున్నుకుంటా దున్నుకుంటా కలిపేసుకున్నారు. ఏడాదికో సాలు. పదేళ్లకి బండి పోయే డొంక బైకు పోయే గట్టవుతది. ఇంకో పదేళ్లకి గట్టూ పోద్ది. లోపలి చేలవాళ్లు పక్కోడి చేలోంచి పోవాలి. మిరప కోతలప్పుడు టిక్కీలెత్తుకుని ట్రాక్టరు రావాలంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలో. నాకు తెలవదా? రెండు తగాదాలు స్టేషన్ దాకా పోయినయి.

బావ: డొంక ప్రభుత్వ పోరంబోకు. 1905 ఆక్రమణల చట్టం అప్పటినుంచీ ఉంది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలన్నీ తీయించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఎంతకాలం ఆక్రమణలో ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా అది సాకు కాదంది.

బావమరిది: చెప్పింది. ఎమ్మార్వో వస్తాడు, టేపు పడతాడు, రాయి పాతతాడు. ఆయన పోయాక రాయి పీకుతారు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు కూడా ఎగిరినయి. డ్రోను ఏం చూస్తది? ఇవాళ ఏం దున్ని ఉంటే అది చూస్తది. డొంక మీద పత్తి ఉంటే పత్తి చేననుకుంటది. డొంక ఉండేదని చెప్పడానికి పక్కనోడు నోరు తెరవాలి.

బావ: నోరు తెరవడం అంత కష్టమైనప్పుడు కాళ్లు ఉన్నాయి. ప్రతి ఏటా పుష్యమాసంలో ముప్ఫై మంది నక్షా చేతబట్టుకుని ఆ డొంక ఎక్కడుందో అక్కడే నడిస్తే, అది డొంకని ఊరంతా చూస్తుంది. చేలోకి పోరు. డొంక మీదే. మధ్యలో ఎవరైనా కంప నాటి ఉంటే అక్కడ ఆగి, ఇది డొంక అని చెప్పి, చుట్టు తిరిగి పోతారు. గొడవ లేదు, ఫోటో లేదు. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది. అడ్డం లేకుండా, బహిరంగంగా, హక్కుగా 20 ఏళ్లు వాడిన దారికి హక్కు వస్తుంది. ఇంగ్లండులోనూ జనం 20 ఏళ్లు నడిచిన బాటను ప్రజల బాటగా లెక్కేస్తారు. డొంక ఎటూ ప్రభుత్వానిదే, దానికి కొత్త హక్కు అక్కర్లేదు. కానీ చట్టం కూడా నడకనే సాక్ష్యంగా ఎంచుతుంది చూడు. నడవని దారిని ఎవడైనా కలుపుకుంటాడు. ఇంతకుముందు మీరంతా రోజూ నడిచేవాళ్లు కాబట్టి డొంక బతికింది. ఇప్పుడు బైకు మీద తారురోడ్డున చుట్టు తిరిగి పోతున్నారు.

బావమరిది: ఉపాధి హామీలో ఊరి దగ్గర కొంత డొంకకి మట్టి పోసి రోలరు తిప్పారు. అది నిలిచింది. ఎందుకంటే రోజూ ట్రాక్టర్లు పోతాయి.

బావ: సరిగ్గా అదే.

బావమరిది: కానీ కృష్ణ దాకా పోయే డొంకకి ఇప్పుడు పనిలేదు బావా. అవతల నీళ్లు. ఆ డొంక పోయి నీళ్లలో మునుగుతది. పుట్టి లేదు, సంత లేదు, మేనత్త ఊరు లేదు. పోయేవాళ్లు లేని డొంకని కాపాడి ఏం చెయ్యాలి?

బావ: పోయేవాళ్లున్నారు. వేసవిలో నీళ్లు దిగినాక ముంపు నేలలో సాగు చేసుకునేవాళ్లు ఆ డొంకనే పోతారు. మంద నీళ్లకు దిగేది ఆ డొంకనే. ముంపు ఊరివాళ్లు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టుకోడానికి వచ్చేదీ ఆ డొంకనే, వాళ్ల పాత గుడి నీళ్లలో ఉన్నా. నువ్వే నాకు ఇదివరకు చెప్పావు.

బావమరిది: చెప్పా.

బావ: మరి డొంక మధ్యలో, ఎడంపక్కన వేపచెట్టు దాటాక, తుమ్మకంప వేసి ఉంది. మొన్న నేను చూసొచ్చాను. నక్షా ప్రకారం ఆ కంప డొంక లోపలికి ఆరేడు అడుగులు వచ్చింది. ఆ చేను ఎవరిది?

జవాబు వెంటనే రాలేదు. మాస్టారికి తెలిసే అడిగారని నాకు అర్థమైంది. నాకు ఆ అడగడం కొంచెం కఠినంగా అనిపించింది, బావమరిది ఇంట్లో కూర్చుని, అతను పెట్టిన టీ తాగి. కానీ అడక్కపోతే ఈ నడకకు అర్థం లేదు. పక్క ఊరి ఆక్రమణల గురించి ఎంతైనా మాట్లాడొచ్చు.

బావమరిది: నాదే. నేను వెయ్యలా. మా నాయన వేశాడు, పందులు రాకుండా. అవతలి వైపు అతను రెండు సాళ్లు ముందుకొచ్చాడు, ఈయన కంప జరిపాడు. అతను ఇంకో సాలు వచ్చాడు. అట్టా అట్టా మధ్యలో మనిషి పట్టే దారి మిగిలింది.

బావ: ముప్ఫై మంది పిల్లలు ఆ కంప దగ్గర ఆగితే వాళ్లకు నేనేం చెప్పను?

బావమరిది: నీ బావమరిది చేనని చెప్పు. దాచేదేముంది? కానీ ఒక్క నా కంప తీస్తే డొంక రాదు. నాది తీసినరోజు అవతలోడు ఇంకో సాలు దున్నుతాడు. ఇద్దరం ఒకేసారి తియ్యాలి. ఊళ్లో ఆ మాట ఎవరు మొదలుపెడతారు? నేను మొదలుపెడితే, వీడికి ట్రాక్టరు దారి కావాలని అంటారు. సర్పంచి మొదలుపెడితే పార్టీ అంటారు. పల్నాడులో గట్టు తగాదా ఎక్కడికి పోద్దో నీకు తెలవంది కాదు.

బావ: అందుకే బయటివాళ్లు నడవాలంటున్నాను. ఈ డొంకతో ఏ పనీ లేనివాళ్లు. ట్రాక్టరు లేనివాళ్లు, ఓటు లేనివాళ్లు. వాళ్లు నక్షా చూపించి అడిగితే అది ఎవరి పక్షమూ కాదు.

బావమరిది: ఈ ఒక్కమాట ముందే చెప్పి ఉంటే ఇంతసేపు వాదన ఉండేది కాదు గదా. నీళ్లు, అందం, ఇంగ్లండు అంటావు. డొంక కొలవడానికి వస్తన్నామని చెప్పు.

బావ: నీళ్లూ చూస్తారు. నీ మేనత్త ఊరూ చూస్తారు. నేను రెండూ వదలను.

బావమరిది: ఊరు చూపించే పని నాకొద్దు. మా మేనత్త కొడుకు పునరావాస కాలనీలో ఉన్నాడు, ఆయన్ని అడుగుతా. ఆయన వస్తానంటే మీ అదృష్టం. ఆయన ఒప్పుకోకపోతే ఒడ్డు దాకా పోకండి, బీటిమీదనుంచే వెనక్కి రండి. ఆయన లేకుండా అక్కడ నిలబడి ఎవరూ ఏమీ మాట్లాడొద్దు. అది మాత్రం మాటివ్వు.

బావ: ఇచ్చాను. కంప సంగతి?

బావమరిది: అవతలి చేనాయన ఎవరో తెలుసు గదా నీకు? హైస్కూల్లో నీ దగ్గర చదువుకున్నాడు, నీ మాటంటే గౌరవం. ఆదివారానికి ముందే వచ్చి ఆయన ఇంట్లో కూర్చో. ఆయన తన గట్టు వెనక్కి జరుపుతానంటే, అదే పొద్దున నేను కంప తీస్తా. ఇద్దరం కలిసి పార పట్టుకుంటాం. ఆయన కాదంటే పిల్లల్ని నా కంప దగ్గర ఆపి ఏం చెప్పాలనుకున్నావో అది చెప్పుకో, నేను అడ్డం రాను.

బావ: ఆయన మార్కులు తక్కువ వేశానని ఇప్పటికీ అంటూ ఉంటాడు.

బావమరిది: అయితే మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే పో. పత్తి తీతకి కూలీలొచ్చే లోపు.